వరసకు అక్క

సూర్యాపేట బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూత్‌లో తిరపతమ్మ ఫోన్ పట్టుకుందంటే, బయట నిలబడ్డవాళ్లు ఇంకో బీడీ ముట్టించుకోవాల్సిందే. హెచ్ఐవి ఉన్నవాళ్ల బాగోగులు చూసే ఆరోగ్య కార్యకర్త ఆమె. ఊళ్లలో ఫోన్ ఉండేది కిరాణాకొట్లోనే. ఎవరని అడిగితే, జబ్బు సంగతి బయటపడకుండా చుట్టరికం చెప్పేది. పెద్దవూరలో పిన్ని, కోదాడలో వదిన, నిడమనూరులో మైసయ్యకు వరసకు అక్క. కొంగుతో రిసీవర్ తుడిచి, "తమ్ముడు తింటున్నడా, దగ్గు తగ్గిందా" అని బజారంతా వినేలా అడిగేది.

ఒకసారి మైసయ్య వరుసగా రెండు వారాలు ఫోన్ దగ్గరికి రాలేదు, దవాఖానకూ రాలేదు. ఆమే బస్సెక్కి పోయింది. చూస్తే ఇంటి ముందు పందిరి. మైసయ్య తమ్ముడు కొత్త పెళ్లాంతో గడప బయట నిలబడ్డాడు. మైసయ్య ఏడని ఆమె అడగ్గానే, ఫోనెత్తే కిరాణాకొట్టు వీరయ్య ఆమె గొంతు పోల్చుకున్నాడు. "ఆడబిడ్డ లేదంటిరి గదా, గిదిగో అక్కొచ్చింది," అని తీసుకెళ్లి గడపలో అడ్డంగా నిలబెట్టాడు.

తిరపతమ్మ రెండు చేతులూ చాపింది. కొత్త జంట సిగ్గుపడుతూ పేర్లు చెప్పారు. బిడ్డ పుడితే మీ ఇంటికే కోడలిగా ఇస్తామన్నారు. ఆమె కదల్లేదు.

"బిడ్డ ముచ్చట తర్వాత. సోమారం సూర్యాపేటకు నా దగ్గరికొస్తనని మా పెద్ద తమ్ముడు చెప్పాలె. అప్పటిదాక గీణ్నే ఉంట."

అందరూ నవ్వారు. పందిరి గుంజ పక్కనున్న మైసయ్య మాత్రం నవ్వలేదు. "వస్తనక్కా. పిల్లను లోపలికి రానియ్యి," అన్నాడు.

తిరపతమ్మ వీరయ్య వైపు తిరిగి, "ఇన్నవు గదా," అని అప్పుడు చేతులు దించింది.