నా కోసం మొక్కిన నడక

నన్ను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్తున్నప్పుడు, నేను బతికితే కోరుట్ల నుంచి కొండగట్టుకు చెప్పులు లేకుండా నడుస్తానని నా భార్య మొక్కుకుంది. మరుసటి ఎండాకాలం ఇద్దరం బయలుదేరాం. ఆమె వట్టి కాళ్లతో, నేను మెత్తటి బూట్లతో.

మొదటి రోజు జగిత్యాలలో చుట్టాలింట్లో ఆగాం. రెండో రోజు ఊరు దాటేసరికే తారు కాలిపోతోంది. ఆమె రోడ్డు పక్కకు దిగి నడిచేది, ముళ్లు గుచ్చుకుంటే మళ్లీ తారు మీదికి వచ్చేది. చివరికి ఒక పంక్చర్ షాపు ముందు కూలబడింది. అరికాళ్ల బొబ్బలు చితికి ఉన్నాయి.

షాపు నడిపే ముసలి సాయిబు బకెట్‌లో నీళ్లు తెచ్చి పెట్టాడు. "మా తమ్మునికి ఆటో ఉన్నది బిడ్డా, పిలుస్త" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మిగిలింది నేను బూట్లిడిసి నడుస్త. నువ్వు ఆటోల రా" అన్నాను.

"మొక్కింది నేను. నువ్వు నడిస్తే ఎట్ల తీరుతది?"

"తీరకపోతే ఏమైతది?"

"మళ్ల నీకేమన్న అయితే?" అంది, నా వైపు చూడకుండా.

బతికినందుకు మొదటిసారి సిగ్గేసింది.

సాయిబు తన తువ్వాల చింపి ఇస్తే, పాదాలకు చుట్టుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. ఆ తర్వాత నేను చేయగలిగింది సంచి మోస్తూ, ఆమెకు నీడ పడేలా ఎండ వైపు నడవడమే.

సాయంత్రానికి కొండ కిందికి చేరాం. గుడ్డ విప్పబోతే చర్మానికి అంటుకుపోయింది. ఆమె కళ్లు మూసుకుంది. నేను బాటిల్‌లోని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కూర్చున్నాను.