పల్సానా బస్సులో నేను నోరు జారిన మాట

నా భర్త పోయాక ఇక్కడ గుజరాత్‌లోనే, ఆల్థాన్‌లో ఒక ముసలమ్మను చూసుకునే పనికి కుదిరాను. మన తెలుగువాళ్లే. స్నానం చేయించాలి, మందులు వేయాలి. ఒక పొద్దున ఆమె పక్క తడిసింది. "జర ఎవ్వలకు చెప్పకు బిడ్డా, నా కోడలికి సుత" అని నా చేయి పట్టుకుంది. చెప్పనన్నాను.

ఆ సాయంత్రమే పల్సానా బస్సులో కూర్చుని చెల్లెలికి ఫోన్ చేశాను. చుట్టూ గుజరాతీలే, మన మాట ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. మగ్గాల చప్పుడులో అరిచి అరిచి పెరిగిన గొంతు నాది. ముసలమ్మ పేరు చెప్పాను, తడిసిన పక్క సంగతి చెప్పాను, "చిన్నపోరి లెక్క ఏడ్చిందే" అని నవ్వాను కూడా.

ఫోన్ పెట్టేశాక, గుజరాతీ కట్టు చీరలో పక్కన కూర్చున్న ఆమె నా మోచేతి మీద మెల్లగా చేయి వేసింది.

"అక్కా, గా అమ్మ నాకు ఎరుకే. మా అత్తకు దోస్తు."

ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాను. "నీ కాళ్లు మొక్కుత చెల్లే, ఎవ్వలకు చెప్పకు."

"నేను చెప్ప. గా అమ్మ సుత మిమ్ముల గిట్లనే బతిమాలి ఉంటది గదా?"

అంత మాట అని దిగిపోయింది. ఎవరో, ఏమో, మళ్లీ కనబడలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి ముసలమ్మ తలుపు వైపే చూస్తోంది.

"ఎవ్వలకు చెప్పలే గదా బిడ్డా?"

"లేదమ్మా" అన్నాను.

అప్పుడు రాత్రి తడిసి, దిండు కింద దాచుకున్న చీర తీసి నా చేతికిచ్చింది.