రెండుసార్లు చేసిన గోడమంచం

2022లో వానలు వెనకబట్టిన రోజులు. కామారెడ్డిలో నా వడ్రంగి దుకాణానికి సుజాత అనే అమ్మాయి వచ్చింది. ఊళ్లోనే ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, అంటే రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. ఒంటరిగా ఉంటుంది. సొంత సంపాదనతో రెండో అంతస్తులో స్టూడియో ఫ్లాట్ కొనుక్కుంది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒకటే గది, మూలకు వంటగట్టు, బాత్రూమ్, వెనక చిన్న బాల్కనీ. పేరులో ఉన్న వైశాల్యం గదిలో లేదు.

"అన్నా, ఇల్లు కొని నాలుగేండ్లాయె. మా అవ్వ ఒక్క రాత్రి పండలే," అంది. అవ్వ అంటే వాళ్లమ్మ. "ఎల్లారెడ్డి నుంచి పొద్దుగాల వస్తది, సాయంత్రం బస్సుకు పోతది. ఉండమంటే జాగేడుంది బిడ్డా అంటది. సెలవులకు చెల్లె, దాని పిల్లలు గూడ వస్తరు. అందరికి జాగ చెయ్యి. మా అవ్వ నా ఇంట్ల ఒక్కరోజన్న నిద్ర చెయ్యాలె."

జాగా చేయడమే కదా నా బతుకుతెరువు! ఉన్న పెద్ద మంచం తీసేశాను. దాని కింద పేరుకున్న అట్టపెట్టెలన్నీ అటక ఎక్కించాను. ఖాళీగా ఉన్న ఒకే ఒక గోడకు వాల్ బెడ్ బిగించాను. పగలు అల్మారాలా గోడకు నిలబడి, రాత్రి కిందికి దిగే మంచం అది. దాని బరువు మన చేతిమీద పడకుండా గ్యాస్ లిఫ్ట్ అనే గొట్టం ఆపుతుంది. కారు డిక్కీ తలుపును పైన నిలబెట్టేది కూడా అదే. పదిరోజుల్లో పని అయిపోయింది. గది నడుమ చేతులు చాపి నిలబడితే ఏదీ తగల్లేదు. నా భుజం నేనే చరుచుకున్నాను.

సుజాత తల్లి రాజవ్వ చూడటానికి వచ్చింది. బీడీలు చుట్టి ఇద్దరు ఆడపిల్లలను చదివించిన మనిషి. మంచం దింపించింది, తలగడ వేసిన వైపు చూసింది.

"గిది ఏ దిక్కు కొడుకా?"

అది ఉత్తరం. ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. తల ఇటు కాదు అటు పెట్టుకుందామంటే అటువైపు వంటగట్టు, సిలిండర్. కొలతలన్నీ రెండేసిసార్లు చూసుకున్న నేను దిక్కు చూసుకోలేదు. తాడ్వాయిలో నాగళ్లు చెక్కిన మా బాపు ఉండి ఉంటే చేతిలో ఏదుంటే దాంతో ఒకటి తగిలించేవాడు.

మొత్తం ఊడదీశాను. నిలువుగా దిగే మంచాన్ని గోడ పొడవునా అడ్డంగా దిగేలా మళ్లీ చేశాను. తల తూర్పుకు వచ్చింది. పాత చట్రం పనికిరాలేదు, ఇంకో వారం పోయింది. తప్పు నాదే, ఎవరిని అనాలి?

సెలవులొచ్చాయి. చెల్లెలు, ఇద్దరు పిల్లలు వచ్చారు. ఆ రోజు మంచం కీలు ఒకటి బిగించడానికి నేనూ వెళ్లాను. పిల్లలు దాన్ని ఎత్తడం, దింపడం ఆటగా పెట్టుకున్నారు. సాయంత్రం కాగానే రాజవ్వ సంచి భుజాన వేసుకుంది.

"పరుపు మెత్తగున్నది బిడ్డా, నడుము వట్టుకుంటది. నేను పోత."

సుజాత వంటగట్టు దగ్గరికి వెళ్లి కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

నాకు కోపం వచ్చింది. ఈమె తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం అనుకున్నాను. బస్టాండులో దింపుతానని రాజవ్వను బండి ఎక్కించుకున్నాను. దిగగానే అడిగేశాను.

"అవ్వా, తల తూర్పుకు మలిపిన. ఇగ ఏంది నీ బాధ?"

ఆమె బెంచీ మీద కూర్చుని కుడిచేయి నా ముందు చాపింది. "వాసన సూడు."

తంబాకు వాసన, బీడీలోని పొగాకుది.

"ఒక్కరోజు బీడీలు చుట్టకుంటె నాకు పొద్దు వోదు. ఏడికి వోయినా ఆకు, తంబాకు నాతోటే వస్తయి. సుజాత చిన్నగున్నప్పుడు బడి నుంచి ఏడ్సుకుంట వచ్చింది. తంబాకు వాసనొస్తున్నదని పక్క పిల్ల దూరం జరిగి కూసున్నదట. గిప్పుడు దవాఖానల తెల్లకోటు ఏసుకుంటది నా బిడ్డ. ఆ కోటుకు నా వాసన అంటియ్యాల్నా? దానికి చెప్పకు కొడుకా."

బస్సు వెళ్లిపోయాక కూడా అక్కడే నిలబడ్డాను. ఏడుపు వచ్చింది, దాచుకోవడం ఎందుకు?

చెప్పనని మాటిచ్చాను, చెప్పలేదు. బాల్కనీలో కొంచెం పని మిగిలిందని మాత్రం సుజాతతో అన్నాను. అక్కడ జానెడు ఎత్తున ఒక గద్దె చేశాను. కాళ్లు చాపుకుని ఆకు, తంబాకు పోసుకునే చాటను ఒళ్లో పెట్టుకోవడానికి సరిపోయే కొలత. వీపుకు ఆనుకునే పలక, పక్కన బిగుతు మూత ఉన్న పెట్టె, ముందు దోమల జాలీ. గదికీ బాల్కనీకీ నడుమ అద్దం తలుపు పెట్టాను. వాసన అవతలే ఉంటుంది, మనుషులు మాత్రం ఒకరికొకరు కనబడతారు.

ఆ గద్దె ఎవరి కోసమో కొలత చూడగానే సుజాతకు తెలిసిపోయింది.

"వాసన గురించేనా అన్నా?" అంది.

నేను రంపం వెతుక్కుంటున్నట్టు వంగాను.

తర్వాతి ఆదివారం రాజవ్వ వచ్చింది. తలుపు గడియ సరిచేస్తూ నేనక్కడే ఉన్నాను. తల్లి సంచిలోంచి సుజాతే చాట తీసుకుని గద్దె మీద కూర్చుంది. ఇంటర్ దాకా తల్లి పక్కన కూర్చుని చుట్టిన పిల్లే. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి తల్లి చేతికిచ్చింది.

రాజవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది కార్ఖానల తీసుకోరు. మూతి మలుపుడే మరిచినవు. జరుగు."

సుజాత జరిగింది గానీ లేవలేదు. ఒక్కరికని చేసిన గద్దె మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. నేను గడియ పని సగంలో వదిలేసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"అన్నా, అవ్వ నిద్ర చేసింది!"

"మంచం ఎట్లున్నదట?"

"మంచం మీద నేనే పన్న. అవ్వ కింద సాప ఏసుకున్నది."

"తల?"

"తూర్పుకే," అని నవ్వింది.

ఇప్పుడు దోమకొండ నుంచి వచ్చినా, బీర్కూర్ నుంచి వచ్చినా, చుట్టాల కోసం ఇంట్లో జాగా చేయమని అడిగితే నేను వెంటనే టేపు తీయను. ముందు దిక్కు అడుగుతాను. తర్వాత, వచ్చే మనిషి పొద్దున లేచి ఏం పని చేసుకుంటారో అడుగుతాను. మంచం సంగతి ఆఖరున.