తిబ్రా మోట పాట

మా సోక్నా ఒయాసిస్సులో నా తోటకీ తిబ్రా తోటకీ మధ్య ఒక మట్టిగోడే అడ్డం. పొద్దున్నే ఆవిడ గొంతు వినబడితే గానీ మాకు తెల్లవారేది కాదు. బావి పక్క వాలు మీద గాడిదను దింపుతూ ఎక్కిస్తూ మోటతో నీళ్లు తోడుతూ, మా తాతల నాటి భాషలో పాడేది. మిగతా ఊరంతా ఎప్పుడో అరబ్బీకి మారిపోయాం. సిగ్గుపడాల్సిన సంగతే. ఆవిడ మాటలు అర్థం చేసుకునేది ఇక ఆ గాడిద ఒక్కటే.

"అత్తా, ఊళ్లో ఆ భాష వచ్చింది నీకూ గాడిదకేనా?" అని ఎగతాళి చేసేవాడు మేనల్లుడు జైదాన్.

"నీకంటే అదే నయంరా, చెప్పింది చేస్తుంది," అనేదావిడ.

ఆ ఏడు తిబ్రా ఇరవై ఖర్జూరం పిలకలు నాటింది. పెద్ద చెట్లు ముసలివైపోయాయి. ఇవి బతికితేనే తోట నిలుస్తుంది. మొదటి వేసవంతా రోజూ తడి తగలాలి. సరిగ్గా నడి వేసవిలో ఆవిడ మోట వాలు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది.

జైదాన్ మోట దగ్గరికి వెళ్లాడు. గాడిద కదల్లేదు. అరిచాడు, బతిమాలాడు, కర్ర ఎత్తాడు. నేనూ గోడెక్కి నా అరబ్బీ ప్రయోగించాను. అది ఇంటివైపు చూస్తూ నిలబడిపోయింది. అంత లోతు బావిలోంచి చేదతో తోడిన నీళ్లు ఏ మూలకూ రాలేదు. మూడో రోజుకు పిలకల ఆకులు వడలడం మొదలుపెట్టాయి. నాకే ఏడుపొచ్చింది.

జైదాన్ అత్త మంచం దగ్గరికి పరిగెత్తాడు.

"అత్తా, నడవమనడానికి ఏమనాలో ఆ ఒక్క మాట చెప్పు."

"ఒక్క మాటకు నడవదు. దిగేటప్పుడో చరణం, ఎక్కేటప్పుడో చరణం. కూర్చో, మొత్తం నేర్చుకో."

"అర్థం?"

"ముందు నోరు తిరగనీ."

మర్నాడు వాడు అపశ్రుతిలోనే పాడాడు. గాడిద వాడి మొహంలోకి కాసేపు చూసి, జాలిపడిందేమో, నడిచింది. పదిహేడు పిలకలు బతికాయి. తిబ్రా మళ్లీ లేచి నడవలేదు గానీ, రెండేళ్లపాటు మంచం మీంచే పాటలో తప్పులు దిద్దింది.

ఆవిడ పోయింది. కొన్నాళ్లకు గాడిదా పోయింది. జైదాన్ హూన్ సంతలో ఇంకోటి కొన్నాడు. అరబ్బీలో ఒక్క కేక వేస్తే నడిచే రకం. వీడు దానికి పనిగట్టుకుని పాత పాట నేర్పుతున్నాడు. ఎందుకురా ఈ తిప్పలు అన్నాను.

"అత్త తోటలో నీళ్లు ఆ పాటతోనే పారాలి మామా. నేనే నేర్చుకున్నాను, దీనికేం రోగం?"

ఎక్కేటప్పటి చరణంలో ఒక మాట మరిచిపోయి ఆగాడు. గోడ మీంచి నేనే అందించాను.