దేంతో పోలిస్తే?

తక్కెడగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువునైనా సరే, ఇంకో రెండింటి పక్కన పెట్టి చూడందే చేత్తో ముట్టుకోరు. ఎవరైనా "బావున్నారా?" అని పలకరిస్తే "దేంతో పోలిస్తే?" అంటారు. వెటకారమేం కాదు, నిజంగా తెలుసుకుందామనే అడుగుతారు. తక్కెడ అన్నది ఆఫీసు పెట్టిన పేరు. అసలు పేరు జీతాలు వేసేవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఓసారి జోరున వాన కురుస్తుంటే గొడుగు కొనడానికి బయల్దేరి, మూడు కొట్ల మధ్య తిరిగి తిరిగి, చివరికి ఒకటి కొని, దాన్ని చొక్కాలో దాచుకుని తడిసి ముద్దయి ఇల్లు చేరారు. వేసుకోవచ్చుగా అని భార్య అడిగితే, నచ్చకపోతే మార్చుకోవాలి కదా, తడిసింది వెనక్కి తీసుకోరు అన్నారట. రాత్రికి జ్వరం వచ్చింది. మాత్రలు మాత్రం ఆవిడే వెళ్లి తెచ్చింది. ఈయన్ని పంపితే జ్వరం దానంతటదే తగ్గిపోయేదాకా రారని ఆవిడకి తెలుసు.

ఆవిడని కదిలిస్తే పెళ్లి సంగతీ చెబుతుంది. "అన్నీ మాట్లాడుకున్నాక, ఇంకో రెండు చోట్ల చూసి చెబుతానని లేచారు. మా నాన్న వెళ్లి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చున్నాడు."

వాళ్ల ఆఫీసు రక్తపరీక్షల ల్యాబులకి వెబ్ అప్లికేషన్ తయారుచేసేది. తెర మీద అన్నీ ముచ్చటగా కనిపించేవి. ప్రింటు తీస్తే మాత్రం పట్టిక సగం కాగితం మీద, సగం గాల్లో. అందుకని ఒకావిడని కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. ల్యాబువాళ్లు అడిగిన లెక్కలు ఏరి, గళ్లలో పోసి, అంచులు సర్ది పంపడం ఆవిడ పని. రిపోర్టులమ్మ అనేవారు.

ఒకరోజు మేనేజరు ఆవిడని పిలిచి, రిపోర్టింగ్ టూల్ కొంటున్నామనీ, అదొస్తే ఈ పనంతా దానంతటదే అయిపోతుందనీ, అప్పుడిక కాంట్రాక్టు పొడిగించే అవసరం ఉండదనీ చెప్పాడు. ఏమీ అనుకోవద్దని కూడా అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. సీటుకొచ్చి, ఇంట్లో ఈ మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని మాత్రం అనుకుంది.

ఏ టూల్ కొనాలో తేల్చే పని తక్కెడగారికి పడిందని తెలిసి ఆఫీసంతా నవ్వుకుంది. రిపోర్టులమ్మకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. గొడుగు లెక్కన చూసినా ఇంకొన్నాళ్లు గడుస్తుంది.

ఆ సంబరం మధ్యాహ్నం దాకానే. తక్కెడగారు నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"అమ్మా, మూడు టూళ్లు ట్రయల్‌కి తెచ్చాను. మీ పాత రిపోర్టులు మూడింట్లోనూ చేసి చూపించాలి."

"నా గొయ్యి నన్నే తవ్వమంటున్నారా?"

"మూడు గోతులు," అన్నారాయన, లెక్క సరిచేస్తూ. "లేకపోతే పోల్చేదెలా?"

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. కానీ పని పనే. రాని దాన్ని తిట్టుకుంటూ నేర్చుకుంది. ఒకదాంట్లో రెండో పేజీకి పట్టిక శీర్షికల వరస మళ్లీ వచ్చింది, రెండోదాంట్లో రాలేదేమని ఆయన అడిగేవారు. వచ్చేలా చేస్తే, మూడోదాంట్లో ఇంత పొందిగ్గా రాలేదేమనేవారు. ట్రయల్ గడువు ముగిస్తే అమ్మేవాళ్లని బతిమాలి పొడిగించారు. వాళ్లు కొంటారా లేదా అని నిలదీస్తే, మీ పోటీ కంపెనీవాళ్లు ఇంత కోప్పడలేదండీ అన్నారు.

ఒకరోజు ఉండబట్టలేక, ఈ టూళ్ల లైసెన్సు ధరల్లో అంత పోల్చడానికి ఏముందని ఆవిడ అడిగింది.

"ఒకళ్లు వండేవాళ్లని బట్టి డబ్బు తీసుకుంటారమ్మా, ఒకళ్లు పొయ్యిల్ని బట్టి, ఒకళ్లు తినేవాళ్లని బట్టి. రిపోర్టు తయారుచేసే మనిషికింత, నడిపే సర్వరుకింత, తెరిచి చూసేవాళ్లు ఒక్కొక్కళ్లకింత. మన ల్యాబులు రోజురోజుకీ పెరుగుతున్నాయి. తినేవాళ్లని లెక్కపెట్టించుకుంటే మునుగుతాం."

ఆఖరికి మేనేజరుకి సహనం చచ్చింది. అందర్నీ గదిలో కూర్చోబెట్టి, ఇవాళ పేరు చెప్పందే ఎవరూ లేవొద్దన్నాడు. తక్కెడగారు నెమ్మదిగా మొదటిదే మేలన్నారు. వండేవాళ్లని బట్టి తీసుకునేది. అయితే ఆ లైసెన్సు ఒక మనిషి పేరు మీద ఉంటుంది. రిపోర్టులు తయారుచేయడానికి ఆ మనిషి ఎప్పుడూ ఉండాలి.

"ఎవరి పేరు వేద్దాం?" అన్నాడు మేనేజరు.

ప్రోగ్రామర్లు తలా ఒక గోడా చూశారు. పేజీల అంచులు సర్దే పని ఎవరి నెత్తినైనా పడాలి గానీ తమ నెత్తిన పడకూడదు.

"మూడింట్లోనూ చేయి తిరిగినావిడ ఉందిగా," అన్నారు తక్కెడగారు. "కాంట్రాక్టు అంటే కుదరదు. ఆవిడ వెళ్లిపోతే లైసెన్సు పేరు మార్పించుకోవడం పెద్ద తలనొప్పి. ఉద్యోగంలోకే తీసుకోవాలి."

మేనేజరు ఒకసారి రిపోర్టులమ్మ వంక, ఒకసారి ఆయన వంక చూశాడు. "బయట ఇంతకంటే బాగా చేసేవాళ్లు దొరకరా? మీరు పోల్చి చూసే ఉంటారుగా."

గదిలో అందరూ ఆయన మొహం చూశారు.

"లేదు," అన్నారు తక్కెడగారు.

"ఒక్కళ్లతోనూ?"

"లేదండీ."

ఎవరో దగ్గారు. మేనేజరు ఆవిడ ఉద్యోగానికి కాగితం రాయించి, సంతకం పెట్టాడు.

సాయంత్రం రిపోర్టులమ్మ ఆయన్ని టీకి పిలిచింది. ఏ టూల్ కొనాలో ఎప్పుడు తేలిందని దారిలో అడిగింది.

"మొదటి వారంలోనే."

"మరి ఇన్నాళ్లూ నా చేత ఏం చేయించినట్టు?"

ఆయన వినిపించనట్టు నడిచారు. మొదటి కొట్టు ముందు ఆగి, ఈవేళకి ఇక్కడే తాగేద్దామన్నారు. గ్లాసు అందుకున్నారు. కళ్లు మాత్రం రోడ్డుకి అవతలున్న రెండో కొట్టు మీదే ఉన్నాయి.

ఆవిడ టీ గుక్కలో తాగేసి గ్లాసు పెట్టేసింది. "ఎలా ఉందండీ?"

తక్కెడగారు నోరు తెరిచేలోగా ఆవిడే రోడ్డు దాటడం మొదలుపెట్టింది.

"రండి, అదీ తాగి చెబుదురు గాని."