కాన్వలెసెంట్ అంటే

బందరులో కుట్టుమిషను ముందు కూర్చునే రోజుల్లో నా గర్వమంతా ఒక నోటుబుక్కు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆపైన వచ్చిన ఇంగ్లిషంతా గ్రంథాలయం పెట్టిన భిక్షే. రోజుకొక కొత్త మాట, దాని అర్థం రాసుకునేవాణ్ణి. వీధిలో ఎవరికి ఇంగ్లిషు ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు.

ఒకరోజు పొద్దున చేపలమ్మే అత్త కార్డు తెచ్చింది. నాగాయలంక నుంచి వచ్చి మా వీధిలో కాపురముంటున్న మనిషి. చుట్టరికమేమీ లేకపోయినా నన్ను అల్లుడనే పిలిచేది. ఆమె భర్త పడవ పని మీద కాకినాడ వెళ్లి, జ్వరంతో అక్కడ ఆసుపత్రిలో చేరి నెల కావస్తోంది. కార్డు ఆసుపత్రివాళ్లు రాసింది. టైఫాయిడ్ అన్న మాట నాకు తెలుసు. దాని వెనకే, ఇప్పుడు 'కాన్వలెసెంట్' అని ఉంది. అది తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

"టైఫాయిడ్ ముదిరి ఇంకో జబ్బులోకి దిగిందత్తా" అన్నాను.

ఆమె గంప దించి అరుగు మీద కూలబడింది. "మనిషి దక్కుతాడా అల్లుడూ?"

ఆ ప్రశ్న విన్నాక కూర్చోలేకపోయాను. కత్తెర పడేసి పరుగెత్తాను. గ్రంథాలయం పదకొండింటికి మూసేస్తారు. లైబ్రేరియన్‌గారు అప్పటికే తాళం వేశారు. నా మొహం చూసి మళ్లీ తీశారు. ఎవరికీ ఇంటికివ్వని పెద్ద నిఘంటువు బల్ల మీద పెట్టి, "అర్థం ఒక్కటే చూడకయ్యా, కింద వాడుక కూడా చదువు" అన్నారు. జబ్బు తగ్గి మెల్లగా బలం పుంజుకుంటున్న మనిషి అని ఉంది. వాడుక వాక్యంలో అలాంటి మనిషొకడు ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తాళం మళ్లీ తీసిన ఆ చేతికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అత్త అరుగు మీదే ఉంది. "తప్పు చెప్పానత్తా. కాన్వలెసెంట్ అంటే జబ్బు పేరు కాదు. జ్వరం తగ్గింది. నీరసం ఒక్కటే మిగిలింది."

"అన్నం పెడుతున్నారా?"

"పెడుతూనే ఉంటారు."

"అంటే పథ్యం పెట్టారన్నమాట! ఆ ముక్కకి అంత పొడుగు మాటా? ఈసారి తెలీకపోతే తెలీదని చెప్పి ఏడు, నేను ఏడవకుండా ఉంటాను!" అంటూ కళ్లు తుడుచుకుని నవ్వేసింది.

రోజుల తరబడి లంఖణాలు చేయించి, జ్వరం విడిచాక పెట్టే తొలి ముద్ద పథ్యం. నోటుబుక్కులో నిఘంటువు అర్థం కింద ఆమె మాట కూడా రాసుకున్నాను.

రెండు వారాలకు ఆయన బస్సు దిగాడు, కర్రలా సన్నబడి. అత్త నన్ను భోజనానికి పిలిచింది. ఆయన పళ్లెంలో పాతబియ్యం అన్నం, బీరకాయ కూర. నా పళ్లెంలో చేపల పులుసు.

"నాకూ బీరకాయే చాలత్తా" అన్నాను.

"తిను అల్లుడూ" అంది. "కాన్వలెసెంటు ఆయన, నువ్వు కాదు."