మూడు రోజుల అమ్మ

క్రిస్మస్ సెలవులకు చీరాల నుంచి చెల్లెలు కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. దాని కూతురికీ నా కూతురికీ పదేళ్ళే, నాదే కొన్ని నెలలు పెద్ద. ఇద్దరూ ఫోన్ ముందేసుకుని ఒక క్రిస్మస్ సినిమా చూశారు. ఇద్దరు ఆడపిల్లలు ఇళ్ళు మార్చుకుని ఒకరి బతుకు ఒకరు బతుకుతారు, పెద్దవాళ్ళు తికమకపడతారు, అంతే కథ. పడీపడీ నవ్వారు. అది అయ్యేసరికి తామూ మారతామని పట్టుబట్టారు. మూడు రోజులు. బట్టలు, మంచం, అమ్మ, అన్నీ మార్పే. సొంత అమ్మను ఎవరు ముందు 'అమ్మా' అని పిలిస్తే వాళ్ళు ఓడినట్టు.

సరదాకే కదా అని చెల్లెలి కూతురిని నా దగ్గర ఉంచుకుని, నా కూతురిని చెల్లెలితో చీరాల బస్సెక్కించాను. మొదటి రోజు ఫోన్ చేస్తే "ఏం పెద్దమ్మా, బాగున్నావా?" అంది నా కూతురు. నవ్వాను. రెండో రోజూ పెద్దమ్మా అనే. మగ్గం పక్కన కూర్చుని పిన్నికి కండెలకు నూలు చుట్టి ఇస్తోందట, పిన్ని జడ వేస్తూ బోలెడు కబుర్లు చెబుతోందట. సెలవులయ్యేదాకా అక్కడే ఉంటానని చెప్పి ఫోన్ పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. కన్నది నేను, కబుర్లు దాని పిన్నితోనా? కోపం కింద భయం. పిల్లకు అది ఆట కాదేమో.

ఆ సాయంత్రం కళ్ళంలో ఎండుమిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరి ఇంటికొచ్చాను. గుమ్మంలో ఉన్న చెల్లెలి కూతురు నన్ను చూడగానే గోడవారకు జరిగింది. ఎందుకే ఆ బెదురు అన్నాను.

"అక్క చెప్పింది. నువ్వు కళ్ళం నుంచి వచ్చాక దగ్గరికి రాకూడదంట. నీకు చిరాకంట, తోసేస్తావంట."

నా కూతురికి మూడేళ్ళప్పుడు ఇలాగే వచ్చి దాని మొహం తుడిచాను. కళ్ళు వాచిపోయి పూటంతా ఏడ్చింది. అప్పట్నుంచీ మిరపకాయల కాలమంతా దాన్ని మోచేత్తో నెట్టి "దూరం జరుగు" అంటూనే ఉన్నాను. చేతులకు కారం ఉందని ఒక్కసారీ చెప్పలేదు. తెలుసులే అనుకున్నాను. నా నోటిదురుసు ఊరందరికీ అలవాటే, పసిదానికి ఏం తెలుస్తుంది? ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి కూడా ఆ చేతులు పనికిరావు.

మూడో రోజు చెల్లెలు పిల్లను తీసుకురావాలి. నేను కళ్ళానికి వెళ్ళలేదు. చేతులకు నూనె రాసి, మజ్జిగతో కడిగి, మళ్ళీ సబ్బుతో రుద్దాను. ఫోన్ చేయడానికి భయమేసింది, రానంటే ఏం చేయను? చెల్లెలి కూతురిని తీసుకుని బస్టాపులో నిలబడ్డాను. మూడు బస్సులు వెళ్ళాయి. నాలుగోదాంట్లోంచి చెల్లెలూ నా కూతురూ దిగారు.

నా కూతురు నా చేతుల వంక చూసి అక్కడే ఆగింది. రెండు చేతులూ చాపాను.

"చిరాకు కాదే. చేతులకు కారం. నీ కళ్ళు మండుతాయని నెట్టేదాన్ని. ఇవాళ పనికి పోలా, చూడు."

అది నెమ్మదిగా వచ్చి నా అరచెయ్యి వాసన చూసింది. తర్వాత చెంపకు ఆనించుకుంది.

"ఇంకా మండుతోందమ్మా" అంది.

ఓడిపోయావంటూ చెల్లెలి కూతురు గంతులేసింది. నేను చెయ్యి తీయబోతే నా కూతురు తీయనివ్వలేదు.